కొత్త చేపలు వేసే ముందు ఆస్కార్లను అడగండి

ప్రశ్న: మాది విజయవాడ దగ్గర. పోయినేడు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుతో ట్యాంకు చేయించాను. అందులో ఇప్పుడు రెండు ఆస్కార్లు (ఒక్కోటి 10 అంగుళాలు), ఒక గ్రీన్ సెవెరమ్ (7 అంగుళాలు), ఒక జాక్ డెంప్సీ (6 అంగుళాల పైనే), ఒక పెద్ద సక్కర్ (అద్దానికి అతుక్కుని నాచు గీకే చేప) ఉన్నాయి. బోరు నీళ్లు వాడతాం, పీహెచ్ 8 చూపిస్తోంది. ఫిల్టర్ ఒకటే, ట్యాంకు బయట పెట్టే క్యానిస్టర్ రకం. ఐదు చేపలకు ట్యాంకు బోసిగా ఉందని ఇంట్లో అందరం కొత్తవి వేద్దామనుకుంటున్నాం. మా ఆవిడకు పసుపు రంగు ఎలక్ట్రిక్ ఎల్లోలు నచ్చాయి, బాబుకు చిన్న ఫ్లవర్ హార్న్ కావాలి, నాకు సిల్వర్ అరోవానా మీద మనసుంది. షాపతను నాలుగు ఏంజెల్స్ కూడా వేసుకోమంటున్నాడు. 'అరోవానా తప్ప మిగతావన్నీ సిక్లిడ్లే, ఒకే కుటుంబం చేపలే కదా సార్, అవే సర్దుకుంటాయి' అన్నాడు. మూడు నెలల కిందట అతని దగ్గరే ఒక ప్యారట్ ఫిష్ తెచ్చి వేస్తే, వారంపాటు ఫిల్టర్ పైపు వెనక నుంచి బయటికి రాకుండా, రెక్కలు చిరిగి చనిపోయింది. నీళ్లు పడలేదన్నాడు. ఏవి వేసుకోవచ్చు, ఎన్ని? అన్నట్టు, ఈమధ్య ఆస్కార్లు రెండూ కలిసి ఒక పలక రాయిని నోటితో తెగ శుభ్రం చేస్తున్నాయి. చూడ్డానికి భలే ఉంది.

సమాధానం: 'అన్నట్టు' అంటూ చివర్లో పడేసిన ఆ ముక్క దగ్గరే మొదలుపెడతాను. మీరు ఏ చేప కొనొచ్చో సగానికి సగం ఆ రాయి దగ్గరే తేలిపోయింది.

ఆస్కార్లు రెండు కలిసి చదునైన రాయిని నోటితో గీకి శుభ్రం చేస్తున్నాయంటే గుడ్లు పెట్టే ఏర్పాట్లలో ఉన్నట్టు. వీటిలో మగదేదో ఆడదేదో పైపైన చూసి చెప్పలేం. రెండు ఆడ చేపలు కూడా జతకట్టి గుడ్లు పెట్టేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో గుడ్లన్నీ పాలలా తెల్లబడ్డాయంటే వాటిలోంచి పిల్లలు రావు. మీ మటుకు రెండూ ఆడవైనా, ఒకటి మగదైనా తేడా ఏమీ లేదు. ఆ రాయి చుట్టూ రెండు మూడు అడుగుల మేర ఇక వాటిది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టే, ట్యాంకులో సగం సీట్లకు ఇప్పటికే తువ్వాళ్లు పడ్డాయి. మీ కంటికి ఖాళీగా కనిపిస్తున్న చోటు చేపల లెక్కలో ఖాళీ కాదు. ఆ జత వేడి మీద ఉన్న రోజుల్లో మిగతా మూడూ ఒక మూలకు చేరడం మీరు చూసే ఉంటారు. చూడకపోతే ఈ వారం చూడండి.

ఎలా చూడాలో కూడా చెబుతాను. మీరు ట్యాంకు ముందు నిలబడితే ఆస్కార్లు మేత కోసం అద్దం దగ్గరికి వచ్చి తోక ఆడిస్తాయి, అప్పుడు వాటి అసలు తీరు బయటపడదు. ఫోనును ఒక స్టాండు మీద పెట్టి, వీడియో ఆన్ చేసి, గదిలోంచి అందరూ బయటికి వెళ్లండి. మేత వేయడానికి ముందు అరగంట, వేశాక అరగంట చాలు. ఎవరు ఎవరిని పక్కకు తోస్తున్నారు, ఎవరు వస్తే ఎవరు దారి ఇస్తున్నారు, సెవెరమ్ రంగు ఎప్పుడు వెలిసిపోయినట్టు అవుతోంది, ఇవి రాసుకోండి. షాపులో ఏ చేప అందంగా ఉందన్నది ఆ తర్వాత ఆలోచించొచ్చు.

మీ ప్యారట్ విషయానికి వద్దాం. నీళ్లు పడకపోతే చేప పైకి తేలి గాలి మింగుతుంది, మొప్పలు ఎగరేస్తుంది, మేత మానేస్తుంది. ఆ పాటికి పక్క చేపల్లోనూ కొంత తేడా కనపడాలి. వారంపాటు ఒకే మూల దాక్కుని, రెక్కలు చిరిగి చచ్చిపోయిన చేప దెబ్బలు తిని చనిపోయిన చేపే. బ్లడ్ ప్యారట్ సహజంగా పుట్టిన జాతి కాదు, తైవాన్‌లో సంకరం చేసి తీసింది. దాని నోరు సరిగ్గా మూసుకోదు. సిక్లిడ్లు తగాదా పడేటప్పుడు నోటికి నోరు పట్టి లాగుకుంటాయి, బలం తేల్చుకునేది అక్కడే. నోరే పనిచేయని చేపను, ఒంటరిగా, అప్పటికే ఎవరి చోటు వాళ్లు పంచేసుకున్న ట్యాంకులోకి దింపారు. కొట్టింది ఆస్కార్లు కావచ్చు కానీ, నా అనుమానం డెంప్సీ మీద. దాని సంగతి కాసేపట్లో.

'అన్నీ సిక్లిడ్లే' అన్న మాటకు పెద్దగా అర్థం లేదు. ఆ కుటుంబంలో గుర్తించి పేరు పెట్టిన జాతులే 1,700కు పైగా ఉన్నాయి. మన చెరువుల్లోకి చేరిన తిలాపియా సిక్లిడే, కేరళవాళ్లు కరిమీన్ అని ఇష్టంగా తినేదీ సిక్లిడే. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి ముఖ్యంగా రెండు. ఒకటి, గొంతులో ఇంకో జత దవడలు: నోటితో పట్టింది గొంతులో నలుగుతుంది, కాబట్టి పై నోరు రకరకాల పనులకు మలుచుకోవడానికి వీలైంది. రెండోది పిల్లల్ని కాపాడుకోవడం. చాలా చేపలు గుడ్లు వదిలేసి వెళ్లిపోతే, సిక్లిడ్లు కాపలా కాస్తాయి. మనకు ముచ్చటగా అనిపించే ఆ గుణమే గొడవలకు మూలం. కాపలా కాయాలంటే చోటు ఉండాలి, చోటు కావాలంటే ఇంకొకరిని తరమాలి. తనలాగే ఉండి, తను ఉండే అడుగు భాగంలోనే తిరిగే చేప మీద కోపం మరీ ఎక్కువ. అంటే షాపతని లెక్క తిరగబడింది. సిక్లిడ్ ట్యాంకులో ఇంకో సిక్లిడ్‌ను ఇమడ్చడమే కష్టం.

మీ జాబితాలో మూడింటిని త్వరగా తేల్చేద్దాం. ఫ్లవర్ హార్న్ కూడా మనుషులు సంకరం చేసిందే, 1990లలో మలేషియా, తైవాన్ వైపు మొదలైంది. పిల్లగా ఉన్నప్పుడు బుద్ధిగానే కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి ట్యాంకు మొత్తం తనదే అంటుంది, మీ చెయ్యి లోపల పెట్టినా కరుస్తుంది. బాబుకు మరీ ఇష్టమైతే దానికి విడిగా నాలుగడుగుల ట్యాంకు, అందులో అదొక్కటే. ఏంజెల్స్ కూడా అమెజాన్ చేపలే, నెమ్మదైనవి. పొడుగాటి రెక్కలు డెంప్సీకి ఆట వస్తువులవుతాయి, షాపులో అమ్మే సైజువైతే ఆస్కార్‌కు ఒక్క ముద్ద. అరోవానా అందాన్ని కాదనలేను. కానీ సిల్వర్ అరోవానా రెండడుగులు దాటి పెరుగుతుంది, మీ ట్యాంకు వెడల్పే రెండడుగులు. పొడవు ఎంతున్నా, చేప తిరగాల్సింది వెడల్పులో. పైగా నీటి పైభాగంలో తిరిగే చేప కాబట్టి బెదిరితే ఎగురుతుంది, గుడ్లు పెట్టే ఆస్కార్ల జత దాన్ని బెదిరించకుండా ఉండదు. అరోవానా పెంచాలనుకుంటే మూడడుగుల వెడల్పు ట్యాంకు ఆలోచించండి, ఈ ట్యాంకులో వద్దు.

మీ ఆవిడ అడిగిన ఎలక్ట్రిక్ ఎల్లోలు మంచి ఎంపిక, చోటే తప్పు. అవి ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు. ఆ సరస్సు నీళ్లు గట్టివి (కరిగిన లవణాలు ఎక్కువున్నవి), క్షారగుణం కలవి. ఆస్కార్, సెవెరమ్ దక్షిణ అమెరికా నదుల్లోవి, అక్కడి నీళ్లు మెత్తన, కాస్త ఆమ్లగుణం. మామూలుగా పుస్తకాల్లో ఈ తేడా చూపించే 'కలపకూడదు' అంటారు. నా దృష్టిలో ఇక్కడ నీళ్లు అంత పెద్ద అడ్డంకి కాదు. మన దగ్గర దొరికే ఆస్కార్లు తరతరాలుగా ఫారాల్లో పుట్టి పెరిగినవి. పీహెచ్ 8 బోరు నీళ్లలో హాయిగా గుడ్లు పెడతాయి, మీవి రాయి శుభ్రం చేసుకోవడమే సాక్ష్యం. అసలు అడ్డంకులు సైజు, బతికే తీరు. ఎలక్ట్రిక్ ఎల్లో పెరిగితే నాలుగంగుళాలు, షాపులో ఒకటిన్నర రెండు అంగుళాలవే ఉంటాయి. నోట్లో పట్టేది ఏదైనా ఆస్కార్‌కు మేతే. అది పగ కాదు, ఆకలి.

బతికే తీరులో తేడా ఇంకా లోతైనది. మలావి రాతి చేపలను ట్యాంకులో ఒత్తుగా వేస్తారు. పది, పదిహేను ఉంటే ఏ ఒక్కదాని మీదా కోపం నిలవదు, అందరికీ తలా కాస్త పంచుకుపోతుంది. ఇది అక్కడ పనిచేసే ఉపాయం. యూట్యూబులో చూసి చాలామంది దాన్నే ఆస్కార్ల ట్యాంకుకు అంటగడుతున్నారు. అడుగు పొడవు పెరిగే చేపలను ఒత్తుగా వేస్తే కోపం తగ్గేలోపే నీళ్లు పాడైపోతాయి.

ఇక నీళ్ల లెక్క. మీ ట్యాంకు 24 ఘనపుటడుగులు, అంటే సుమారు 680 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 580–600 ఉంటాయి. పెద్ద ట్యాంకే. కానీ ఆస్కార్లు తినేటప్పుడు గొంతులో నలిగిన మేత పొట్టు మొప్పల్లోంచి బయటికి ఊదుతాయి, సక్కర్ రోజంతా విసర్జిస్తూనే ఉంటుంది. ఒక్క క్యానిస్టర్ మీద ఈ ఐదే ఎక్కువ. పైగా మీ పీహెచ్ 8. చేపల విసర్జన వల్ల నీళ్లలో చేరే అమ్మోనియాలో చేపకు విషమయ్యే వంతు పీహెచ్ 7 నుంచి 8కి వచ్చేసరికి ఇంచుమించు పది రెట్లవుతుంది. ఎండాకాలం వేడికి అది ఇంకా పెరుగుతుంది. అంటే మెత్తటి నీళ్లలో పెంచేవాళ్లు తట్టుకోగలిగిన చిన్న పొరపాటు మీ ట్యాంకులో చేపల ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి చేపల కంటే ముందు కొనాల్సింది రెండో ఫిల్టర్. ఉన్నదాన్ని తీసేసి దాని బదులు ఇంకా పెద్దది పెట్టమని నేను చెప్పను, రెండు విడివిడిగా ఉంటేనే మేలు. ఒకటి మొరాయించినా రెండోది నడుస్తుంది, రెండింటినీ ఒకేసారి కడగకపోతే అమ్మోనియాను హరించే మంచి బ్యాక్టీరియా పోదు. కడిగేది ట్యాంకు నీళ్లతోనే. కరెంటు పోయినప్పుడు కనీసం ఒక ఎయిర్ పంపు నడిచేలా బ్యాటరీదో, ఇన్వర్టర్ మీదో పెట్టండి. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టే చోట 32 డిగ్రీలకు 7కు కాస్త పైనే పడుతుంది. మే నెల మధ్యాహ్నం రెండు గంటల కోతలో ముందు పోయేది పెద్ద చేపలే.

డ్రాప్స్ వేసి రంగు చూసే టెస్ట్ కిట్ ఒకటి కొనండి, పట్టీల రకం వద్దు. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ వారం చివరికి లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు, 20 లోపు ఉంటే ఇంకా మంచిది. ఇక్కడ ఒక చిక్కుంది. చుట్టూ పొలాలున్న ఊళ్లలో బోరు నీళ్లలోనే నైట్రేట్ ఉండొచ్చు. అలాంటప్పుడు ఎంత నీళ్లు మార్చినా అంకె దిగదు, మీరు ఫిల్టర్‌ను తిడుతూ కూర్చుంటారు. అందుకే మొదటి పరీక్ష ట్యాంకు నీళ్లకు కాదు, బోరు నీళ్లకు చేయండి. అలాగే బోరులోంచి అప్పుడే తోడిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండొచ్చు. డ్రమ్ములో పట్టి, రాత్రంతా గాలి కొట్టించి, పొద్దున పోయండి. మున్సిపల్ నీళ్లు కలిపే రోజైతే యాంటీ క్లోరిన్ తప్పనిసరి. వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చడం అలవాటుంటే సరే, లేకపోతే కొత్త చేపల మాట అంతటితో వదిలేయండి.

ఇప్పుడు డెంప్సీ. అమెరికన్ బాక్సర్ జాక్ డెంప్సీ పేరు దానికి ఊరికే పెట్టలేదు. మెక్సికో, మధ్య అమెరికా వైపు చేప ఇది, అక్కడి సిక్లిడ్ల కోపమే వేరు. ఎనిమిది, పది అంగుళాల దాకా పెరుగుతుంది. మీది ఆరంగుళాలు దాటిందంటే పెద్దరికం వచ్చే వయసు. ఇప్పుడు ఆస్కార్లకు భయపడి అణిగి ఉంది. కోపం తీర్చుకోవడానికి తన కంటే బలహీనుడు కావాలి, మొన్న ప్యారట్ దొరికింది. రేపు మీరు ఏది వేసినా దాని వంతే. వీడియోలో నా అనుమానం నిజమని తేలితే, కొత్త చేపల్ని వెతకడం ఆపి ముందు డెంప్సీకి వేరే ఇల్లు వెతకండి. నాలుగడుగుల ట్యాంకులో ఒంటరిగా అది రాజాలా బతుకుతుంది. దాన్ని పెంచాలనుకునేవాళ్లు మీ ఊళ్లోనే దొరుకుతారు. షాపువాళ్లు కూడా పెద్ద చేపను వెనక్కి తీసుకుని మేతకో, మందుకో సరిపెడతారు, అడగండి. వీడియోలో అది అమాయకంగా తేలితే ఉండనివ్వండి, కానీ కింద చెప్పబోయే సంఖ్యలో ఒకటి రెండు తగ్గించండి.

డెంప్సీ వెళ్లి, రెండో ఫిల్టర్ నెల రోజులు నడిచాక, నేనైతే మీ ట్యాంకులో వేసేది ఒక్కటే రకం: సిల్వర్ డాలర్లు, ఆరు. సిక్లిడ్లు కావు, అదే వాటి అర్హత. ఆస్కార్ల దేశపు నదులవే, ఐదారు అంగుళాలు పెరుగుతాయి, గుండ్రంగా వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఆస్కార్ నోట్లో పట్టవు. నీటి మధ్య భాగంలో గుంపుగా తిరుగుతాయి, అడుగున చోటు అడగవు. ఆస్కార్ తరిమితే ఆరూ ఒక్కసారిగా చెదిరిపోతాయి, దేన్ని పట్టాలో దానికి తేలదు. ఇంకో లాభం కూడా ఉంది. పైన ఒక గుంపు నిమ్మళంగా తిరుగుతుంటే కింది చేపలకు ప్రమాదం ఏమీ లేదన్న ధైర్యం వస్తుంది. మీ సెవెరమ్ మూలలోంచి బయటికి రావడం మీరే గమనిస్తారు. బోసిగా ఉందన్నారు కదా, ఆరు వెండి బిళ్లలు ఆరడుగుల పొడవునా తిరుగుతుంటే ఆ మాట మళ్లీ అనరు.

అవి శాకాహారులు. ట్యాంకులో నాచు మొక్కలు ఏవైనా ఉంటే వాటి మీద ఆశ వదులుకోండి. వేడినీళ్లలో ముంచి తీసిన పాలకూర, కీరదోస ముక్కలు వారానికి రెండు మూడు సార్లు వేయండి. సెవెరమ్ కూడా వచ్చి పంచుకుంటుంది, దానికీ ఆకుకూర మంచిదే.

సిల్వర్ డాలర్లు కొనేటప్పుడు మన ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో పెంచి మార్కెట్లో అమ్మే రూప్‌చంద్ మీకు తెలిసే ఉంటుంది. అది సిల్వర్ డాలర్‌కు దగ్గరి చుట్టం. పిల్లలప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. రూప్‌చంద్ పిల్లలను కొందరు సిల్వర్ డాలర్లనీ, ఇంకొందరు ఏకంగా పిరానాలనీ అమ్ముతారు. గొంతు కింద, రొమ్ము దగ్గర ఎరుపు ఉంటే అది రూప్‌చంద్. కిలోల్లోకి పెరిగే చేప, ట్యాంకుది కాదు. పొట్ట వెనకుండే కింది రెక్క అంచున మాత్రమే ఎరుపు ఉంటే ఫరవాలేదు, సిల్వర్ డాలర్లలో అది మామూలే. అదే దారిలో 'షార్క్' అని అమ్మే బూడిదరంగు చేపను కూడా కన్నెత్తి చూడకండి. అది మన చెరువుల్లో పెంచే పంగాస్. ట్యాంకులో బెదిరిపోయి అద్దానికి ముక్కు బాదుకుంటూ బతుకంతా గడుపుతుంది.

సైజు మూడు అంగుళాలకు తగ్గకూడదు, నాలుగైతే నిశ్చింత. ఆరూ ఒకే రోజు, ఒకే చోట కొనండి. ఒకటి రెండు చొప్పున తెస్తే మళ్లీ ప్యారట్ కథే. చిన్నవి మాత్రమే దొరికితే కొని, వేరే ట్యాంకులో పెంచి, అప్పుడు దింపండి. ఎలాగూ వేరే ట్యాంకు తప్పదు, ఎందుకంటే కొత్త చేపల్ని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాల్సిందే. రెండు మూడడుగుల ట్యాంకు, ఒక స్పంజి ఫిల్టర్ చాలు. ఆ స్పంజిని ముందే ఒక నెల మీ పెద్ద ట్యాంకులో నడిపిస్తే బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. ఈ గడువు ముఖ్యంగా తెల్లమచ్చల కోసం. చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు వచ్చే ఆ జబ్బు ప్రయాణం బడలికలో బయటపడుతుంది. మందు గానీ, కల్లుప్పు గానీ నీళ్లలో ఈదే పురుగునే చంపుతుంది, చేప చర్మంలో దాక్కున్నదాన్ని ఏమీ చేయదు. అందుకే చుక్కలు రాలిపోయిన రోజే మందు ఆపితే వారంలో మళ్లీ వస్తుంది. ఈ ట్యాంకు వల, బకెట్టు, గొట్టం ఆ ట్యాంకులో పెట్టకండి. పండక్కి చుట్టాలు వస్తున్నారని గడువు తగ్గించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

దింపే రోజు ముందు ఆ తువ్వాళ్లు తీసేయాలి. చేపలు లోపలుండగానే రాళ్లు, చెక్కలు అన్నీ చోటు మార్చండి. పలక రాయిని తీసి ఇంకో కొసన పెట్టండి, నిలువుగా ఉండే చెక్క దుంగలు రెండు మధ్యలో నిలబెట్టండి, ఒక కొస నుంచి ఇంకో కొస సూటిగా కనపడకుండా. ఎవరి చోటు ఏదో తెలియని అయోమయంలో పాతవాళ్లు, కొత్తవాళ్లు సమానమవుతారు. అలా పూర్తిగా సమానమైపోరు కానీ, మొదటి రెండు రోజులు గడిచిపోవడానికి ఆ అయోమయం చాలు. ఆస్కార్లకు ముందే కడుపునిండా మేత వేయండి, సాయంత్రం లైటు ఆర్పేసి చేపల్ని వదలండి. సంచిలోని నీళ్లు ట్యాంకులో పోయొద్దు, వేడి సరిపోయాక చేపల్ని మాత్రమే వదలండి. రంధ్రాలు పెట్టించిన యాక్రిలిక్ షీటు ఒకటి ట్యాంకు వెడల్పుకు కోయించి పక్కన ఉంచుకోండి. గొడవ ముదిరితే మధ్యలో దింపేసి వారంపాటు రెండు వైపులా ఉంచొచ్చు. గుడ్లు ఉన్న రోజుల్లోనూ అదే పనికొస్తుంది. ఆస్కార్లను ఒకవైపు ఉంచితే సెవెరమ్ ప్రాణం కాస్త తెరిపిన పడుతుంది. గుడ్లను రాత్రిళ్లు మీ సక్కరే తినేసే అవకాశం ఉంది, దాని గురించి బాధపడకండి. వందల పిల్లల్ని ఏం చేయాలన్న బాధ అంతకంటే పెద్దది.

దింపాక రెండు వారాలపాటు రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా ఇప్పటిదాకా ఐదు చేపల విసర్జనకు అలవాటు పడింది, ఆరు పెరిగితే అందుకోవడానికి దానికీ సమయం కావాలి. ఆ రెండు వారాలు మేత సగం వేయండి.

సక్కర్ గురించి ఒక మాట. ఒకటి ఉంది, చాలు. ఇంకోటి వద్దు. అద్దం శుభ్రం చేస్తుందని కొంటారు కానీ, అడుగున్నర పెరిగాక అది శుభ్రం చేసేదానికంటే మురికి చేసేదే ఎక్కువ. రాత్రిళ్లు ఆస్కార్ల ఒంటి మీది జిగురును గీకి తినే అలవాటు కొన్నింటికి పడుతుంది. ఆస్కార్ పక్కల్లో గుండ్రటి గీరుడు మచ్చలు కనిపిస్తే దోషి అదే, వేరు చేయండి. వేరు చేయడమంటే బకింగ్‌హామ్ కాలువలోనో, కృష్ణలోనో వదలడం కాదు. ట్యాంకుల్లోంచి బయటపడిన ఈ జాతి చేపలే ఇప్పుడు మన నదుల్లో, చెరువుల్లో వలలు చించుతూ, రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేలా తయారయ్యాయి. ఇవి తూర్పు కనుమల నీటి వనరుల్లోకి ఎంతగా పాకాయో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్లతో గుర్తించారు. డెంప్సీకైనా, మీ దగ్గర పుట్టే ఆస్కార్ పిల్లలకైనా ఇదే మాట వర్తిస్తుంది.

జియోఫేగస్‌లు, గ్రీన్ టెర్రర్లు (ఇవీ దక్షిణ అమెరికా సిక్లిడ్లే) వేయొచ్చా అని తర్వాత అడుగుతారని తెలుసు. జియోఫేగస్‌లు నాకు చాలా ఇష్టమైన చేపలు, ఇసుక నోట్లోకి తీసుకుని జల్లెడ పట్టినట్టు వదులుతూ రోజంతా గడుపుతాయి. కానీ వాటి పనంతా అడుగునే, ఆ అడుగు ఇప్పుడు ఆస్కార్ల జతది. ఆస్కార్ల జతను ఉంచుకుంటారా, జియోఫేగస్ గుంపును పెంచుతారా అన్నది మీరు తేల్చుకోవాలి, రెండూ ఈ ట్యాంకులో కుదరవు. గ్రీన్ టెర్రర్ మగది డెంప్సీకి తమ్ముడి లాంటిది. అది వేసేటట్టయితే డెంప్సీని పంపించినందుకు ఫలం లేదు. సెవెరమ్‌కు తోడుగా ఇంకో సెవెరమ్ కూడా వద్దు. ఒకే జాతివి రెండుంటే తోడు కంటే పోటీయే ఎక్కువ.

మిగిలింది మీ ఆవిడ కోరిక. దీనికి నేను 'వద్దు' అనను, ఎందుకంటే మీ ఇంట్లో ఎలక్ట్రిక్ ఎల్లోలకు కావాల్సినది ఇప్పటికే ఉంది: ఆ బోరు. పీహెచ్ 8 ఉన్న గట్టి నీళ్లు మలావి చేపలకు సరిగ్గా సరిపోతాయి. మెత్తటి నీళ్లున్న ఊళ్లలో ఇవి పెంచేవాళ్లు ఉప్పులు కలిపి తయారుచేసుకునే నీళ్లు మీకు మోటారు వేస్తే వస్తాయి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు, అంటే 250 లీటర్ల పైచిలుకు. అడుగున ఇసుక, వెనక గోడ పొడవునా పైదాకా పేర్చిన రాళ్లు. రాళ్లను ఇసుక మీద కాకుండా అడుగు అద్దం మీద పలుచటి థర్మాకోల్ పరిచి పేర్చి, ఆ తర్వాత ఇసుక పోయండి. ఇవి తవ్వే చేపలు, కింద ఇసుక తోడేస్తే రాయి జారి అద్దం పగులుతుంది. పన్నెండు పిల్లల్ని ఒకేసారి వేయండి. మలావి రాతి చేపల్లో ఎలక్ట్రిక్ ఎల్లోలు నెమ్మదైనవి. వాటికి తోడు ఏదైనా కావాలంటే రస్టీలు బాగుంటాయి, ఊదా గోధుమ రంగు కలిసిన ఒంటితో పసుపు పక్కన నిండుగా కనిపిస్తాయి. చారల చారల ఆరాటస్ పిల్లలు అంతకంటే పచ్చగా మెరుస్తూ ఊరిస్తాయి, కొనొద్దు. పెద్దయ్యాక మగది నల్లబడి, ట్యాంకంతా తరుముతుంది. మేత స్పిరులినా అనే నాచు ఉన్న పెల్లెట్లు, చిన్నవి, రోజుకు రెండు సార్లు చిటికెడు. ఆస్కార్ల కోసం తెచ్చిన మాంసం మేత వీటికి వేస్తే పొట్ట ఉబ్బి చనిపోయే ప్రమాదం ఉంది, ఆ డబ్బాలు రెండూ వేరే అరల్లో పెట్టండి. ఇంట్లో చేపలకు మేత వేసే పని బాబుదైతే డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.